నేను చూపించని ట్యూబు

ఒక పాత మోటారు సైకిలు ట్యూబును ఇన్నేళ్ళుగా మనసులో మోస్తున్న మనిషి ఉంటాడా అని మీరు నవ్వవచ్చు. నవ్వండి. నన్ను చూసి ఎవరో నవ్వుతున్నారన్న అనుమానంతోనే ఇదంతా మొదలైంది కాబట్టి ఆ నవ్వు నాకు రావలసిందే. ఈ సంగతి నా భార్యకు తెలియదు. నా పిల్లలకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఇది ధైర్యమో, ఇంకో రకం పిరికితనమో మీరే చూసుకోండి.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. చెప్పకపోతే నేను చేసింది అర్థం కాదు. చెబితే సాకులా ఉంటుంది.

మా తాతగారికి కాలువ వెంబడి ఎనభై ఎకరాలు ఉండేవి. నా చేతికి వచ్చేసరికి ఎకరంన్నర కొబ్బరితోట, పెంకులు జారుతున్న పెద్ద ఇల్లు, నాన్నగారి మోటారు సైకిలు మిగిలాయి. ఇంటి ముందు ప్రహరీని ఆనుకుని రోడ్డు వైపు తెరుచుకునే కారు షెడ్డు ఉంది. కారు నా చిన్నప్పుడే పోయింది. తొంభైల్లో ఆ షెడ్డును నూకరాజుకు అద్దెకిచ్చాను. అతను పంక్చర్లు వేసేవాడు. రోజూ పొద్దున్నే నేను రావులపాలెం వెళ్ళి ఒక అరటి మండీలో సాయంత్రం దాకా కూర్చునేవాడిని. దాన్ని ఉద్యోగం అనేవాడిని కాదు. "పని మీద వెళ్తున్నాను" అనేవాడిని.

ఒకరోజు వెనక చక్రంలో గాలి పోయింది. బండి తోసుకుంటూ షెడ్డు దగ్గరికి వెళ్ళాను. నూకరాజు చేతిలో ఉన్న పని వదిలేసి లేచాడు. భుజం మీది తువ్వాలుతో స్టూలు తుడిచి, "కూర్చోండి బాబుగారూ, ముందు మీదే చూస్తానండి" అన్నాడు. నాకు మర్యాద ఎక్కువగా జరిగినప్పుడల్లా ఒక అనుమానం వచ్చేది. ఇది నిజమైన మర్యాదా, ఎగతాళా? అక్కడ బల్ల మీద కూర్చున్న కొబ్బరికాయల వ్యాపారి గొంతెత్తి అన్నాడు.

"నాలుగు చక్రాలుండాల్సిన షెడ్డు కదరా నూకరాజూ ఇది! బాబుగారికి రెండే మిగిలాయి. అందులోనూ ఒకదాంట్లో గాలి లేదంట!"

బల్ల మీదున్న వాళ్ళంతా నవ్వారు. నూకరాజు తల వంచుకుని ట్యూబును ఉప్పుకాగితంతో రుద్దుతున్నాడు. అతని భుజాలు కదిలాయి. నవ్వాడా? రుద్దుతుంటే కదిలాయా? ఇప్పటికీ తెలియదు. ఆ రోజు మాత్రం తెలుసనుకున్నాను.

ఆ తర్వాత ఆ స్టూలు మీద కూర్చోలేదు. రాజమండ్రి వెళ్ళినప్పుడు టైరు విప్పే లివర్లు రెండు, సొల్యూషన్, ప్యాచులు కొన్నాను. ఊళ్ళో కొంటే తెలిసిపోతుందని అంత దూరం మోసుకొచ్చాను. మళ్ళీ మేకు దిగినప్పుడు పెరటి తలుపు గడియ వేసి నేనే పనిలోకి దిగాను. పెళ్ళిళ్ళలో నీళ్ళు నింపే ఇత్తడి గంగాళంలో ట్యూబును ముంచితే మా ఆవిడ పక్కన కూర్చుని, "అదిగోనండి, బుడగలు" అని చూపించింది. రుద్దాను, సొల్యూషన్ పూశాను, ప్యాచ్ అంటించాను. టైరును మళ్ళీ రిమ్ములోకి ఎక్కించడానికి లివరు మీద ఒళ్ళు బరువంతా వేయాల్సి వచ్చింది. టైరు టక్కుమని లోపలికి దిగింది. మా వంశంలో చేత్తో ఆ పని చేసిన మొదటివాడిని నేనే అయ్యుంటాను. సిగ్గుపడాలో గర్వపడాలో తెలియక గర్వపడ్డాను.

రెండు రోజులు నిలిచింది. మూడో రోజు పొద్దున్న చూస్తే చక్రం నేలకు అతుక్కుని ఉంది.

విప్పి చూశాను. నా ప్యాచ్ గట్టిగానే ఉంది. దానికి దూరంగా, రిమ్ము వైపున, పక్కపక్కనే రెండు చిన్న గాట్లు ఉన్నాయి. పాము కరిచినట్టు. మేకు దిగితే రోడ్డు వైపు నుంచి దిగాలి కదా. ఇది లోపలి వైపు. మేకు ఒక బొక్క పెడుతుంది, రెండు ఎందుకు పెడుతుంది? పైగా ఇంత దగ్గరగా, ఇంత సమానంగా? అలా ఆలోచిస్తూ ఆ రోజంతా గడిపాను. దొరికిన జవాబు ఒక్కటే. ఇది మనిషి చెయ్యి.

ఎవరి చెయ్యి? షెడ్డులోంచి మా ఆవరణలోకి ఒక చిన్న తలుపు ఉంది. నూకరాజు రోజూ తెల్లారగానే ఆ తలుపు తీసుకుని తన తొట్టెలోకి మా కుళాయి నీళ్ళు పట్టుకెళ్ళేవాడు. బండి దారిలోనే ఉండేది. అతని దగ్గరికి నేను వెళ్ళడం మానేశాను. నన్ను మళ్ళీ ఆ స్టూలు మీద కూర్చోబెట్టి, నలుగురి చేత నవ్వించాలని అతనికి ఉండదా? ఒకసారి మొదలైన అనుమానానికి అన్నీ సాక్ష్యాలే. కిటికీ వెనక నిలబడి చూశాను. బిందె పట్టుకుని వస్తూ బండి దగ్గర ఆగాడు. చక్రం వైపు చూశాడు. వంగి బొటనవేలితో టైరు నొక్కాడు. పంక్చర్లు వేసేవాడు చక్రాలను కాక ఇంకేం చూస్తాడు? ఈ ప్రశ్న అప్పుడు నాకు రాలేదు. రానివ్వలేదు అనడం నిజం.

ప్యాచ్ వేశాను. మళ్ళీ రెండు గాట్లు. అవీ అలాగే పక్కపక్కన. ఈసారి బండి చుట్టూ నేల మీద బియ్యప్పిండి పల్చగా చల్లించాను. చీమల కోసమని మా ఆవిడకు చెప్పాను. పొద్దున్నే పిండిలో నూకరాజు అడుగులు కనిపించాయి. నీళ్ళ కోసం రోజూ అటే నడిచేవాడి అడుగులు ఇంకెక్కడ పడతాయి? నాకు మాత్రం దొంగ దొరికినట్టే అయింది.

మూడోసారి గాలి పోయిన రోజు నేరుగా షెడ్డు ముందుకు వెళ్ళాను. బల్ల మీద జనం ఉన్నారు. జనం ఉండాలనే ఆ సమయానికి వెళ్ళాను. అది కూడా మీకు చెప్పేయాలి.

"ఏరా, పంక్చర్లు రాకపోతే నువ్వే పొడుస్తున్నావా?" అన్నాను.

అతనికి మొదట అర్థం కాలేదు. "ఏంటండి బాబుగారూ?"

"నా ట్యూబు పొడిచింది నువ్వు కాదూ? మూడుసార్లు!"

"అయ్యబాబోయ్, నేనెందుకు పొడుస్తానండి? మీ నీడలో బతుకుతున్నవాణ్ణి." లేచి తువ్వాలుకు చేతులు తుడుచుకున్నాడు. "ఒక్కసారి ఆ ట్యూబు తెండి. బొక్క చూస్తే చెప్తానండి, మేకో, ముల్లో, సూదో. అందరి ముందే చెప్తాను. నేను పొడిచినట్టుంటే చెప్పుతో కొట్టండి."

"తెప్పించండి బాబుగారూ, తేలిపోద్ది కదా" అన్నాడు బల్ల మీంచి ఎవరో.

ట్యూబు పెరట్లోనే ఉంది. ఇరవై అడుగులు. తెస్తే ఏం కనిపిస్తుంది? వంకరటింకరగా అంటించిన నా ప్యాచులు. అంచుల్లో కారి ఎండిపోయిన సొల్యూషన్. ఇన్నాళ్ళూ తలుపు గడియ వేసుకుని నేనే పంక్చర్లు వేసుకుంటున్నానన్న సంగతి. ఆ ప్యాచులు ఈ బల్ల మీద ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి తిరుగుతాయి. ఆ కొబ్బరికాయల వ్యాపారి వాటి మీద ఏమంటాడో అప్పుడే నా చెవిలో వినబడింది.

"నీకు చూపించాల్సిన ఖర్మ నాకేంటి?" అన్నాను. "సాయంత్రానికి షెడ్డు ఖాళీ చెయ్యి."

అతను నా ముఖంలోకి చూశాడు. సాయంత్రానికి ఖాళీ చేశాడు.

పంక్చర్లు వేసేవాడి మీద వేయకూడని మాట ఒకటే ఉంది. తానే పొడుస్తాడని. దొంగ అన్నా కొంతకాలానికి మరిచిపోతారు, దీన్ని మరవరు. తర్వాత అతను కాలువగట్టున తాటాకు పందిరి వేసుకుని గాలిపంపు పెట్టుకున్నాడు. ఎవరూ ఆగలేదు. "అక్కడ దిగి నడవండ్రా, లేకపోతే రాజుగాడు మేకులు చల్లుంటాడు" అని బడి పిల్లలు సైతం అరుచుకుంటూ వెళ్ళేవారు. నేను ఆ దారినే వెళ్ళేవాడిని. తల తిప్పేవాడిని కాదు.

మూడోసారి పడ్డ గాట్లకూ నేనే ప్యాచ్ వేసుకున్నాను. నెల తిరిగేలోపు రావులపాలెంలో నా బండి మళ్ళీ ఆగింది. మండీకి దూరంగా ఆ వైపు నన్నెవరూ ఎరగరు కాబట్టి రోడ్డు పక్కన కనిపించిన షాపులో ఇచ్చాను. అతను ట్యూబు తీసి వెలుతురుకు పెట్టి చూసి నవ్వాడు.

"ఎవరండీ దీన్ని విప్పింది? టైరు ఎక్కించేటప్పుడు లివరు కింద ట్యూబు ఇరుక్కుందండి. రెండు పక్కలా నొక్కుకుపోయి ఇలా రెండు గాట్లు పడతాయి. పని రానోడు చేస్తే ఇంతేనండి. అప్పటికప్పుడు తెలీదు, రెండ్రోజులకి పోద్ది."

లివరు మీద ఒళ్ళు బరువంతా వేసింది గుర్తొచ్చింది. ఆ మూడుసార్లూ, ఈ నాలుగోసారీ.

"మా ఊళ్ళో నూకరాజని ఒకడున్నాడు" అన్నాను.

ఎందుకన్నాను? అతనెవరో నేనెవరో తెలియని ఆ షాపువాడి ముందు ఆ మాట నా నోటిలోంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే నాకు నా మీదే భయమేస్తుంది. మొదటిసారి చేసింది తెలియక చేశాననుకోవచ్చు. దీన్ని ఏమనుకోవాలి?

ఆ రోజుకు షెడ్డు ఖాళీగానే ఉంది. నూకరాజు ఇంకా కాలువగట్టునే ఉన్నాడు. ఆ సాయంత్రం అతని పందిరి ముందు బండి ఆపి పొరపాటు పడ్డానని చెబితే సరిపోయేది. మా ఇంట్లో మగవాళ్ళు ఆ మాట ఎవరితోనైనా అనగా నేను వినలేదు. పందిరి దగ్గర నెమ్మదించాను. అతను ఆశగా లేచి నిలబడ్డాడు. నేను వేగం పెంచాను. మరో నెలకు పందిరి లేదు. షెడ్డులోకి ఎస్టీడీ బూత్ వచ్చింది.

ఆరేడేళ్ళ తర్వాత, నూకరాజు కడియంలో ఒక నర్సరీలో ఉన్నాడని విన్నాను. కొబ్బరి మొక్కలు కావాలన్న నెపంతో వెళ్ళాను. చెప్పేయాలనే వెళ్ళాను. దారి పొడవునా ఏం చెప్పాలో మనసులో వల్లించుకున్నాను. నా ఉద్దేశాలను నేనే నమ్మను గానీ, ఆ ఒక్కదాన్ని మీరు నమ్మండి.

అక్కడ అతను మొక్కలు లారీలకెక్కించే కూలీల మీద మేస్త్రి. నడుముకు తాళాల గుత్తి ఉంది. అందరూ "రాజుగారూ" అంటున్నారు. నన్ను చూడగానే అతని ముఖం మారిపోయింది. గబగబా వచ్చి, నన్ను గులాబీ మొక్కల వరసల వెనక్కి తీసుకెళ్ళాడు.

"బాబుగారూ, మీకు దండం పెడతానండి. ఆ పంక్చర్ షాపు సంగతి ఇక్కడ ఎవరికీ తెలీదండి. ఓనరు గారు నమ్మి తాళాలిచ్చారు. మీరు ఒక్క మాటన్నారంటే అయిపోతానండి. చెప్పకండి."

నన్ను అనుమానించాడు. అతని చోటు మళ్ళీ ఊడగొట్టడానికి వచ్చాననుకున్నాడు. వల్లించుకున్నదంతా నాలుక మీదే ఉంది. అది కాస్త బయటికి వస్తే చాలు, అతను తలెత్తుకునేవాడు. నేనేమన్నానో తెలుసా?

"చెప్పనులే. అయిందేదో అయింది. ఇకనైనా బుద్ధిగా ఉండు."

అతను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. కళ్ళు తడిశాయి. నేను తల ఊపి ఆ దండం తీసుకున్నాను. అతను చేయని తప్పును క్షమించి, పెద్దమనిషిలా వెనక్కి వచ్చాను.

నాలో అన్నిటికంటే కుళ్ళినది ఆ తల ఊపడమే. ట్యూబు చూపించకపోవడం భయం. షాపులో అతని పేరు చెప్పడం నీచం. ఆ దండం తీసుకోవడానికి నా దగ్గర పేరు లేదు. తిరిగొస్తుంటే దారిలో కాస్త తేలికగా, కాస్త దయగలవాడిగా అనిపించింది కూడా. అదీ దాచను.

మళ్ళీ వెళ్ళలేదు. వెళ్తే నన్ను చూసి మళ్ళీ భయపడతాడేమో అనుకున్నాను. అది అతని మీద జాలా, నాకు దొరికిన ఇంకో సాకా? నూకరాజు అతని అసలు పేరు కాదు. చెప్పనన్న మాట అంతవరకు నిలబెట్టుకుంటున్నాను.

ఇన్నాళ్ళూ ఒంటరిగా ఉన్నప్పుడు సైతం 'అలా జరిగిపోయింది' అనే అనుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను. దానంతటది జరగలేదు. నేను అతని దగ్గరికి వెళ్ళడం మానేశాక ఆ మనిషి నా బండిని ముట్టుకున్నది ఒక్కసారే, అదీ బొటనవేలితో. మూడుసార్లూ ఆ ట్యూబును పాడుచేసింది నేను. తెలిశాక అతన్ని పాడుచేసింది కూడా నేనే.