మూడంకెల చానల్

లిఫ్టులు బాగుచేసే ఆయన్ని పనిచోట అందరూ బొంగరం అనేవారు. ఆయన కూర్చుని టీ తాగగా చూసిన పాపాన ఎవరూ పోలేదు. గ్లాసు చేత్తో పట్టుకుని, వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూ తాగేవాడు. అలాంటి మనిషి ఒకరోజు లిఫ్టు గోతిలో కాలు జారిపడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికేదాకా కాలు నేల మీద ఆనించడానికి వీల్లేదన్నాడు డాక్టరు. ఇంకేముంది, కాలుగాలిన పిల్లిని తెచ్చి కుర్చీలో కూలేసినట్టయింది. కుర్చీ చేతులు గీకేవాడు, కిటికీ రెక్క తెరవమనేవాడు, తెరిస్తే మూయమనేవాడు. భార్యకు ఓపిక నశించింది.

సరిగ్గా అప్పుడే కూతురి జట్టు ఫుట్‌బాల్ ఫైనలుకు చేరింది. ఆ పిల్ల గోల్‌కీపరు. దూరంగా హాస్టల్లో ఉండి ఆడుతోంది. శనివారం మధ్యాహ్నం ఆట టీవీలో వస్తుందని ఫోన్ చేసి చెప్పింది. వాళ్లింట్లోనే ఉంటున్న ఆయన అత్తగారి ముఖం వెలిగి, అంతలోనే ఆరిపోయింది. ఆవిడకు డయాలసిస్ చేసేది శనివారం మధ్యాహ్నమే. మానడానికి లేదు, మార్చడానికీ లేదు. తోడు వెళ్లాల్సింది భార్య.

"మీరేం బెంగపెట్టుకోకండి అత్తయ్యా. ఆట మొత్తం కంప్యూటర్లో పట్టి ఉంచుతాను. వచ్చాక తాపీగా చూద్దురుగాని" అన్నాడు బొంగరం.

పైకి అన్నది అత్తగారి కోసమే. లోపల మాత్రం ఇంకో సంగతి ఉంది. కూతురి ఆట ఆయన ఏనాడూ పూర్తిగా చూడలేదు. మైదానానికి వెళ్లినా బంతి ఆ పిల్ల వైపు వచ్చేసరికి చూడలేక లేచి ఎటో వెళ్లిపోయేవాడు. రికార్డు చేసుకుంటే గెలుపో ఓటమో ముందే తెలుసుకుని చూడొచ్చు. తెలిసిన దెబ్బకు ఒళ్లు ముందే గట్టిపడి ఉంటుంది కదా!

టీవీ కింద ఒక పాత కంప్యూటర్ ఉంది. పాటలకీ ఫొటోలకీ వాడేవారు. కేబుల్ బాక్సులోని బొమ్మను దానిలోకి పంపాలి. భార్యను వైర్లు అందించమని, కాలు స్టూలు మీద చాపుకుని పని మొదలుపెట్టాడు. కొత్తరకం వైరు పెడితే నల్ల తెర తప్ప ఏమీ రాలేదు. కేబుల్ కుర్రాడికి ఫోన్ చేస్తే, "ఆ దారిలో కాపీ కాకుండా తాళం ఉంటుంది సార్. కొత్త వైరు టీవీకే ఉంచండి. కంప్యూటర్‌కి పాత మూడు రంగుల వైరు పెట్టి చూడండి" అన్నాడు. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులు గుచ్చగానే బొమ్మ వచ్చింది. కాస్త మసగ్గా ఉన్నా వచ్చింది.

ఇక చానల్ మార్చడం. కంప్యూటర్ నుంచి ఒక సన్నని తీగ, దాని చివర గింజంత బల్బు. రిమోట్ చేసే పని అది చేస్తుంది. దాన్ని బాక్సు కంటికి ఎదురుగా టేపుతో అతికించాడు. పరీక్షగా ఒక పాత మ్యాచ్ రికార్డుకు పెట్టి, సాయంత్రం అత్తగారిని సోఫాలో కూర్చోబెట్టి గొప్పగా నొక్కాడు.

తెర మీద ఒకావిడ నవ్వుతూ పెనం చూపించింది. తర్వాత మూత చూపించింది.

"అల్లుడుగారూ, గోలు ఎప్పుడు వేస్తుంది ఈవిడ?" అంది అత్తగారు.

భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బొంగరానికి ఒళ్లు మండిపోయింది. కుంటుకుంటూ లేవబోతే, "కాలు దించారంటే చూడండి!" అని కేక పడింది. మళ్లీ కూలబడి ఫోన్ కెమెరాను బల్బు మీదకు తిప్పాడు. కంటికి కనిపించని ఆ వెలుగు కెమెరాలో ఊదారంగుగా మెరిసింది. మూడంకెలూ పంపుతోంది గానీ, గుక్క తిప్పుకోకుండా పంపుతోంది. బాక్సు మొదటి అంకెను మింగేసి మిగతా రెండే పట్టుకుంటోంది. అందుకే ఆటల చానల్ మూడు వందల పదిహేడు కాస్తా పెనాలమ్మే పదిహేడయ్యింది. అంకెకీ అంకెకీ మధ్య కాస్త ఎడం పెట్టేసరికి దారికొచ్చింది.

శనివారం వాళ్లిద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. వేళకు చానల్ దానంతటదే మారింది, రికార్డు గుర్తు ఎర్రగా వెలిగింది. బొంగరం టీవీ ఆపేసి పేపరు తెరిచాడు. ఒక్క ముక్కా తలకెక్కలేదు. మడిచాడు, విప్పాడు. చివరికి ఉండబట్టలేక, అంతా సవ్యంగా ఉందో లేదో చూసే నెపంతో టీవీ పెట్టాడు.

చీకటి! చాలాసేపు ఎవరూ రిమోట్ ముట్టకపోయేసరికి బాక్సు తనంతట తాను నిద్రపోయింది. రిమోట్ నొక్కితే టీవీలో బొమ్మ లేచింది గానీ కంప్యూటర్ బిగుసుకుపోయి రికార్డు ఆగిపోయింది. కదిపితే అప్పటిదాకా పట్టింది కూడా పోతుందేమోనని వేలు వెనక్కి లాక్కున్నాడు.

తెర మీద రెండో సగం నడుస్తోంది. చెరో గోలు. గోలుపోస్టుల మధ్య వంగి నిలబడి ఉంది తన కూతురు.

ఆపేద్దామనుకున్నాడు. అత్తయ్యకు ఏం చెప్పాలి? లేచి తిరుగుదామంటే కాలు లేదు, కళ్లు మూసుకుందామంటే అవి మాట వినలేదు. బంతి దూసుకొచ్చినప్పుడల్లా కుర్చీ చేతులు విరిగిపోతాయేమో అన్నట్టు పట్టుకున్నాడు. ఒకసారి ఆ పిల్ల గాల్లో అడ్డంగా సాగి, ఎడమ చేతి వేళ్ల కొసలతో బంతిని పైకి తోసేసింది. "అబ్బో!" అని ఖాళీ ఇంట్లో అరిచాడు. ఇంకాసేపటికి రెండో గోలు పడింది. జట్టు ఓడిపోయింది. కూతురు మోకాళ్ల మీద కూలబడితే తోటిపిల్లలు వచ్చి లేపారు. అదీ చూశాడు.

సాయంత్రం అత్తగారు నీరసంగానే వచ్చి, నేరుగా టీవీ ముందు కూర్చుంది. భార్య కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేసింది. అదృష్టం బాగుండి మొదటి సగం పోలేదు. చూశారు. ఆ తర్వాత తెర నల్లబడింది.

"మిగతాది ఏదీ?"

"మిగతాది నేను చూశానత్తయ్యా."

"మీరా!" అన్నారు తల్లీకూతుళ్లు ఒక్కసారే.

చెప్పడం మొదలుపెట్టాడు. నీళ్ల గ్లాసు గోలుపోస్టు అయ్యింది, నిమ్మకాయ బంతి అయ్యింది. అత్తగారు ఊరుకుంటేనా! ఎవరు తన్నారు, ఎంత దూరం నుంచి, ఏ చేత్తో ఆపింది అంటూ ప్రాణం తోడేసింది. ఓడిపోయిందని చెప్పాక మాత్రం నిమ్మకాయను తీసి పక్కన పెట్టింది.

అంతలో ఫోన్ మోగింది.

"నాన్నా, అమ్మమ్మ చూసిందా?"

"అమ్మమ్మ సగం చూసింది. రెండో సగం నేను చూశానమ్మా."

"రెండో గోలు నా వల్లే పడింది నాన్నా" అంది సన్నగా.

కాదులే అనబోయి ఆగాడు. "నువ్వు కుడివైపుకి కొంచెం ముందే పడిపోయావమ్మా. ఇంకో క్షణం ఆగి ఉంటే దొరికేదేమో."

"అవును." ఆ పిల్ల ముక్కు ఎగబీల్చింది. "నువ్వు నిజంగానే చూశావు నాన్నా!"

అత్తగారు ఫోన్ కోసం చెయ్యి చాపింది. "ఇటివ్వండి అల్లుడుగారూ. నిమ్మకాయతో నాకేం అర్థమవుతుంది, ఆ ఎడమ చేతి సంగతి దాన్నే అడుగుతాను."