యోక్ దేశంలో మాబు అక్క

ఉజ్బెకిస్తాన్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే మాబు సాహెబ్ ముందు పక్కకు తిరిగి ఉమ్మేస్తాడు. ఆ తర్వాతే మాట్లాడతాడు. పర్చూరు రోడ్డు మీద టీకొట్టు దగ్గర అతను ఈ రెండు పనులూ ఇదే వరసలో చేయడం ఊరివాళ్ళు చాలాసార్లు చూశారు. చూసి కూడా మళ్ళీ అడుగుతారు.

"దేశమా అది? థూ. ఏదడిగినా యోక్ అంటారు. యోక్ అంటే లేదని. వేడినీళ్ళు కావాలి. యోక్. పదిహేడో నంబరు స్పానరు. యోక్. దొడ్డికి పోవడానికి తలుపున్న గది. యోక్. పిల్లలకు పాలతోపాటు పట్టిస్తారనుకుంటా ఆ ముక్క."

"మరి రెండు నెలల పైన ఎట్టా ఉన్నావు మావా?"

"ఉన్నానా! పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో ఉంది. నేను దాని పక్కన ఉన్నా."

మాబు సాహెబ్‌కు యాభై మూడేళ్ళు. దూదేకుల కుటుంబం. తాత భుజాన విల్లు వేసుకుని ఇంటింటికీ తిరిగి పరుపుల దూది ఏకేవాడు. మనవడు అదే పత్తిని యంత్రాల్లో చూశాడు. గుంటూరుకూ అద్దంకికీ మధ్య ఉన్న జిన్నింగ్ మిల్లుల్లో, అంటే పత్తి నుంచి గింజను వేరుచేసే మిల్లుల్లో, ముప్పై ఏళ్ళుగా ఫిట్టరు. ఇంట్లో తెలుగే. గుంటూరు టౌనులో ఉర్దూ మాట్లాడేవాళ్ళు "ఉర్దూ రాని సాయిబు" అని వెక్కిరిస్తే, "నీకు మిషను బాగుచేయడం వచ్చా?" అని అడిగి నోరు మూయిస్తాడు.

అతనికి ఒక అలవాటు ఉంది. యంత్రం మీద చేయి వేసే ముందు ప్యానెల్లోంచి మూడు ఫ్యూజులూ పీకి చొక్కా జేబులో వేసుకుంటాడు. పని అయ్యేదాకా వాటితోనే తిరుగుతాడు, వాటితోనే అన్నం తింటాడు. ఈ ప్రాంతంలో లైన్‌మన్లు కూడా అంతే, ఫ్యూజు జేబులో ఉంటే ఇంకొకడు తెలియక స్విచ్ వేయలేడని. కానీ మాబు సాహెబ్ దీన్ని నమాజు కంటే గట్టిగా పాటిస్తాడు. కారణం అతని భార్య మదార్‌బీ.

మదార్‌బీ పెళ్ళికి ముందు చిలకలూరిపేట దగ్గర ఒక మిల్లులో యంత్రానికి పత్తి అందించే పని చేసేది. తిరిగే రోలరుకూ కత్తికీ ముందు ఒక ఇనుప జాలీ ఉంటుంది, చేయి లోపలికి పోకుండా. పత్తి తడిగా ఉంటే ఆ జాలీ దగ్గర ఇరుక్కుంటుంది, పని నెమ్మదిస్తుంది. ఒకరోజు మేస్త్రి జాలీ విప్పేయమన్నాడు. విప్పారు. మధ్యాహ్నానికి మదార్‌బీ కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. ఆ జాలీ విప్పింది మాబే. ఏడాది తర్వాత ఆమెనే పెళ్ళి చేసుకున్నాడు.

"ముందు జాలీ తీశాడు, తర్వాత జాలి చూపించాడు" అని మదార్‌బీ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. అతను వింటూ కూర్చుంటాడు.

పోయిన ఏడాది గుంటూరులోని ఒక యంత్రాల కంపెనీ ఉజ్బెకిస్తాన్‌లో ఏదో చిన్న టౌనుకు పన్నెండు జిన్నింగ్ యంత్రాలు అమ్మింది. బిగించి, నడిపి చూపించి రావడానికి మాబు సాహెబ్‌ను పిలిచారు. కంపెనీ ఇంజనీరు శివరామకృష్ణ ఉత్సాహపరిచాడు. "మీ సాయిబుల దేశమే కదా మాబూ, సొంతింట్లో ఉన్నట్టుంటది నీకు."

మాబు సాహెబ్ కొత్త టోపీ కొన్నాడు. రెండు కిలోల కారం కట్టించుకున్నాడు. పుణ్యాత్ములు పుట్టిన నేల అని మనసులో కాస్త భక్తి కూడా పెట్టుకుని విమానం ఎక్కాడు.

ఆ భక్తి మొదటి సాయంత్రం దాటలేదు. మిల్లు మేనేజరు బహోదిర్ ఇంట్లో విందు పెట్టాడు. భారీ మనిషి, నోట్లో నాలుగు బంగారు పళ్ళు. సలాం చెప్పి వాటేసుకున్నారు, చేతులెత్తి దువా చేశారు, పువ్వుల బొమ్మలున్న టీపాత్రలోంచి గిన్నెలో పోసి ఇచ్చారు. మాబు సాహెబ్ ఒక గుక్క తాగి తివాచీ మీద ఉమ్మేశాడు. అది వోడ్కా. అందరూ కడుపు పట్టుకుని నవ్వారు.

"నోటితో బిస్మిల్లా, చేత్తో సారా. మనూళ్ళో తాగేవాడు కనీసం సీసాలోంచి తాగుతాడు, టీ అని అబద్ధం చెప్పడు."

తర్వాత పిలుపు సంగతి. మర్నాడు పొద్దున మిల్లులో అడుగుపెట్టగానే కూలీ దగ్గర్నుంచి గుమాస్తా దాకా "మాబు అకా, మాబు అకా" అనడం మొదలుపెట్టారు. అతని చెవికి అది అక్కా అనే వినపడింది. ఇంత పొడుగు మీసం పెట్టుకున్నవాణ్ణి పట్టుకుని అక్కా అంటారా అని ఒళ్ళు మండింది. అయినా పరాయి దేశం, కొట్లాట పెట్టుకోలేడు. బదులు తీర్చుకోవడానికి బహోదిర్‌ను "చెల్లీ" అని పిలవడం మొదలుపెట్టాడు. "ఏం చెల్లీ, బాగున్నావా చెల్లీ." బహోదిర్ అది ఇండియాలో పెద్దమనుషులను గౌరవించే మాట అనుకుని ఛాతీ విరుచుకునేవాడు.

అకా అంటే వాళ్ళ భాషలో అన్న అని మూడు వారాల తర్వాత జుల్ఫియా చెప్పింది. ఆమె నాలుగో యంత్రానికి పత్తి అందించే మనిషి. ముప్పై అయిదేళ్ళుంటాయి. హిందీ సినిమాలు చూసి హిందీ నేర్చుకుంది. మాబు సాహెబ్‌కు వచ్చిన అరకొర హిందీ కంటే ఆమెదే నయం. ఆ రోజు అతను కాస్త సిగ్గుపడ్డాడు గానీ చెల్లి అనడం మానలేదు. అప్పటికి బహోదిర్ తన గది తలుపు మీద ఆ మాట రాయించుకునే ఆలోచనలో ఉన్నాడు.

మాబు సాహెబ్‌ను ఉంచింది పాత సోవియట్ కాలం నాటి అయిదంతస్తుల ఇంట్లో. మెట్ల మీద బల్బు లేదు, పిల్లి ఉచ్చ కంపు, దాని మీద గొర్రె కొవ్వు వేపిన కంపు. మెట్ల నిండా పొద్దుతిరుగుడు గింజల పొట్టు. ఆడా మగా, చిన్నా పెద్దా అందరూ అవి నమిలి ఎక్కడపడితే అక్కడ ఉమ్మేవారు. రోడ్డు పక్క చెట్లకు మాత్రం నడుం దాకా తెల్లగా సున్నం. మిల్లు ముందు గోడ మీద పత్తి ఏరుతూ నవ్వుతున్న ఆడవాళ్ళ బొమ్మలు, రంగురాళ్ళతో అతికించినవి. వెనక గోడ కూలి ఏళ్ళయింది. అందులోంచే కుక్కలు వచ్చి పత్తి కుప్పల మీద పడుకునేవి. ఆ కుప్పలకు పైపుతో నీళ్ళు కొట్టడం మాబు సాహెబ్ స్వయంగా చూశాడు.

"బరువు కోసం మనోళ్ళూ కొడతారు. కాదనను. కానీ చాటుగా కొడతారు. వీళ్ళు పాటలు పెట్టుకుని కొడుతున్నారు."

ఏదైనా వస్తువు కావాలంటే కాగితం రాయాలి, దాని మీద మూడు ముద్రలు పడాలి. ఇనుము కోసే డిస్కు ఒక్కటి కావాలని రాస్తే ఆ కాగితం ముద్రల కోసం వెళ్ళింది వెళ్ళినట్టే. చివరికి హ్యాక్‌సా బ్లేడుతో చేత్తో కోసుకున్నాడు. అరచేతులు పొక్కులెక్కాయి.

నలభై రోజులకు పన్నెండు యంత్రాలూ తిరిగాయి. ఇక కాగితం మీద అతని సంతకం పడాలి. యంత్రాలు సరిగ్గా నడుస్తున్నాయని, కూలీలు క్షేమంగా పనిచేసుకోవచ్చని. సంతకం పడితే మిల్లుకు సర్కారు ముద్ర, అతనికి పాస్‌పోర్టు. ఏదో రిజిస్ట్రేషన్ అని మొదటిరోజే తీసుకున్న పాస్‌పోర్టు బహోదిర్ బీరువాలో ఉంది.

సంతకం ముందురోజు బహోదిర్ జాలీలు విప్పించాడు. తడి పత్తి జాలీల దగ్గర చిక్కుకుంటోందట. మాబు సాహెబ్ వెళ్ళేసరికి నాలుగో యంత్రం దగ్గర జుల్ఫియా ఒట్టి రోలరుకు పత్తి తోస్తోంది. ఆమె వేళ్ళకూ కత్తికీ మధ్య జానెడు లేదు. యంత్రం ఆపి, ఫ్యూజులు పీకి, పన్నెండు జాలీలూ మళ్ళీ తనే బిగించాడు. మర్నాటికి మళ్ళీ విప్పేశారు. అతను సంతకం పెట్టనన్నాడు.

బహోదిర్ అరవలేదు, తిట్టలేదు. నవ్వాడు. "పాస్‌పోర్టు, యోక్" అన్నాడు.

ఇరవై రెండు రోజులు అలాగే గడిచాయి. ఆయన విప్పించడం, ఈయన బిగించడం. కారం డబ్బా అడుగంటింది. శివరామకృష్ణ గుంటూరు నుంచి ఫోన్ చేశాడు.

"ఏంది మాబూ, సంతకమే గదా! పెట్టి రారాదూ. తర్వాత వాళ్ళ మిల్లు, వాళ్ళ చేతులు."

"నేనోసారి ఆ మాటే అనుకున్నా సార్. ఇంట్లో రోజూ ఆ చేతి అన్నమే తింటన్నా" అని ఫోన్ పెట్టేశాడు.

ఇంతలో జిల్లా పెద్ద అధికారి మిల్లు చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. అంతే, ఊరికి జ్వరం పట్టుకుంది. బడి పంతులమ్మలు చీపుళ్ళు పట్టుకుని రోడ్డు ఊడ్చారు, అదీ గేటు దాకానే. చెట్లకు మళ్ళీ సున్నం. కూలి ఆడవాళ్ళకు కొత్త తెల్ల రుమాళ్ళు పంచారు, సాయంత్రం తిరిగి ఇచ్చేయాలన్న షరతుతో. తడి పత్తిని వెనక్కి తోసి, పక్క మిల్లు నుంచి పొడి పత్తి అరువు తెచ్చి ముందు పోశారు. కుక్కలను మాత్రం ఎవరూ కదిలించలేకపోయారు. పత్తి మంచులా రాలడం అధికారికి బాగా కనపడాలని పొద్దున్నే జాలీలన్నీ విప్పి మరుగుదొడ్డి వెనక దాచారు. చుట్టూ జనం నిలబడతారు, అధికారి చూస్తుంటే ఆడవాళ్ళు కంగారులో తోస్తారు. ఏ చేయి పోయేదీ చెప్పలేం.

మాబు సాహెబ్ మెయిన్ ప్యానెల్ తెరిచి మూడు ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాడు. ఒక డ్రమ్ము మీద కూర్చుని, జుల్ఫియా ఇచ్చిన పొద్దుతిరుగుడు గింజలు నముల్తూ పొట్టు నేల మీద ఉమ్ముతూ ఉన్నాడు.

గేటు దగ్గర బడిపిల్లలు పాట అందుకున్నారు. అధికారి కారు దిగాడు. లోపల బహోదిర్ స్విచ్ వేశాడు. యంత్రం కదల్లేదు. మళ్ళీ వేశాడు. స్టోర్స్ మనిషిని స్పేర్ ఫ్యూజులు తెమ్మన్నాడు. "యోక్" అన్నాడు వాడు. బహోదిర్ డ్రమ్ము దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"మాబు అకా! ఫ్యూజ్! ఫ్యూజ్!"

మాబు సాహెబ్ పొట్టు ఉమ్మి తలెత్తాడు. "యోక్" అన్నాడు.

ఆడవాళ్ళు రుమాళ్ళలో మొహాలు దాచుకుని నవ్వారు. ఇన్నాళ్ళూ ఆ మాట వినడమే తప్ప అతను పలకడం వాళ్ళు చూడలేదు.

"ఏం కావాలో అడగమంటున్నాడు" అంది జుల్ఫియా హిందీలో.

"జాలీలు బిగించమను. పాస్‌పోర్టు నా చేతిలో పెట్టమను. రెండూ అయ్యాకే ఫ్యూజు."

"ఇప్పుడు టైము లేదంటున్నాడు."

"పిల్లల చేత ఇంకో రెండు పాటలు పాడించమను చెల్లెమ్మని."

పిల్లలు రెండు కాదు, అయిదు పాటలు పాడారు. స్వాగతంగా ఇచ్చిన రొట్టె ముక్క ఉప్పులో అద్దుకుంటూ అధికారి గేటు దగ్గరే నిలబడ్డాడు. లోపల ఎనిమిది మంది మగవాళ్ళు మరుగుదొడ్డి వెనక నుంచి జాలీలు మోసుకొచ్చి బిగించారు. బీరువా తెరుచుకుంది. పాస్‌పోర్టులో తన ఫొటో తనదేనని చూసుకున్నాకే మాబు సాహెబ్ ఫ్యూజులు తీశాడు.

అధికారి లోపల ఉన్నది నాలుగు నిమిషాలు. యంత్రం వైపు కన్నెత్తి చూడలేదు. ఇండియా మనిషి మిమ్మల్ని ఏమని పిలుస్తాడని బహోదిర్‌ను అడిగాడు. "చెల్లి" అన్నాడు బహోదిర్ గర్వంగా. అధికారి ముచ్చటపడి మాబు సాహెబ్‌తో చేయి కలిపి, తనను కూడా అలాగే పిలవమన్నాడు. "అట్టాగే చెల్లీ" అన్నాడు మాబు సాహెబ్. ఆ చేతికి రొట్టె ఉప్పు అంటుకుని ఉంది. ప్యాంటుకు తుడుచుకున్నాడు.

తర్వాత అందరూ విందుకు పోయారు. టీపాత్రలు నిండాయి. మిల్లులో మాబు సాహెబ్ ఒక్కడే మిగిలాడు. గుంటూరు నుంచి యంత్రాలతోపాటు వచ్చిన వెల్డింగ్ రాడ్లు తీసి, పన్నెండు జాలీలనూ యంత్రాలకు అతికించేశాడు. ఇక స్పానరుతో ఊడవు. సుత్తితో కొడితే కత్తి దిమ్మె వంగి యంత్రమే పాడవుతుంది. హ్యాక్‌సా బ్లేడు ఆ సందులో ఆడదు, డిస్కుతో కోయాల్సిందే. గడ్డలు గడ్డలుగా, వంకర టింకరగా వచ్చింది అతుకు. శుభ్రం చేయడానికి జాలీ తీయాలన్నా తీయలేరు. ఏ ఫిట్టరూ తన పని అని చెప్పుకోలేని పని. పన్నెండోది అయ్యాక కాగితం మీద సంతకం పెట్టి, మర్నాడు బయల్దేరాడు.

"ముప్పై ఏళ్ళలో అంత చండాలమైన పని చేయలా. నా చేత చేయించారు, ముష్టోళ్ళు" అంటాడు.

బహోదిర్ వారం తిరక్కుండానే డిస్కుల కోసం కాగితం రాయించాడని జుల్ఫియా ఫోన్లో కబురు పంపింది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం మాబు సాహెబ్ కూతురు సిద్దికా ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది. ఒకే ప్రశ్న పంపమంటాడు. డిస్కు వచ్చిందా? మొదటి ముద్ర పడింది. రెండో ముద్ర వేసే ఆయన సెలవులో ఉన్నాడు. తిరిగొచ్చాడు గానీ ముద్ర కనపడటం లేదు.

"ఇక్కడైతేనా," అన్నాడు ఒకసారి అన్నం ముందు కూర్చుని, "డిస్కు పక్క కొట్లోనే దొరుకుద్ది. అరగంటలో కోసి పారేస్తారు. మొన్న అద్దంకి రోడ్డు మిల్లుకు పోయానా, ఒక్కదానికీ జాలీ లేదు. అడిగితే ఓనరు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు. థూ."

"అన్నం ముందు ఉమ్మబాక అక్కా" అంది మదార్‌బీ, మూడు వేళ్ళతో గోంగూర కలుపుతూ.

ఫోన్ మోగింది. సిద్దికా చూసింది.

"ఏమంది?" అన్నాడు.

"యోక్."

మాబు సాహెబ్ తలాడించి, కంచం దగ్గరికి లాక్కున్నాడు.