ఆడవాళ్ల బెంచీ మీద మా చిన్నాయన

కామారెడ్డి నుంచి సెలవులకు వచ్చాను కదా అని, ఈ రోజు నానమ్మ నన్నూ చిన్నాయననూ ఎల్లారెడ్డిలో మధ్యాహ్నం ఆటకు తీసుకెళ్లింది. పెద్దయినా పసివాడిలాగే ఉండిపోయిన ఒకతని గురించిన నవ్వుల సినిమా. మా చిన్నాయనా అలాంటివాడే. మీసాలు నెరుస్తున్నా ఒంటరిగా చీకట్లో కూర్చోలేడు. నా చిన్నప్పుడు ఇదే హాల్లో, ఆడవాళ్ల బెంచీల మీద, ఆయన ఒళ్లో కూర్చునే సినిమాలు చూశాను. అప్పటి గేటు తాత ఏమీ అనేవాడు కాదు.

ఈ రోజు కొత్తతను ఆపాడు. "ఏందన్నా, గిది ఆడోళ్ల దిక్కు. మొగోళ్లు గటు పోవాలె."

చిన్నాయన నా ఓణీ అంచు పట్టుకున్నాడు. వెనకాల ఎవరో నవ్వారు. నానమ్మ అప్పటికే లోపలికి వెళ్లిపోయింది. కొత్తవాళ్లతో నాకు మాట పెగలదు. అయినా అన్నాను: "చిన్నపిల్లలను రానిస్తరు కదా."

అతను ఆ మీసాలను చూశాడు. "గీ పిల్లగానికి ఎన్నేండ్లు?"

"మా అవ్వకెరుక. లోపట ఉన్నది, అడుగు," అన్నాడు చిన్నాయన, నానమ్మ వెళ్లిన వైపు చూపిస్తూ.

గేటతను నవ్వాపుకుంటూ పక్కకు జరిగాడు.

దీపాలు ఆరగానే చిన్నాయన నా చేయి గట్టిగా పట్టుకున్నాడు. "భయపడకు బిడ్డా, నేనున్న." చిన్నప్పుడూ ఇదే మాట అనేవాడు. అప్పుడు నిజంగానే నాకు ధైర్యం చెబుతున్నాడనుకున్నాను.

మీ ఊరి హాల్లో అయితే మా చిన్నాయనను ఏ వైపు కూర్చోబెట్టేవాళ్లు?