గంగులమ్మ చూసిన గడ్డి

పుంగనూరు గంగులమ్మ దివంగతురాలైందన్న వార్త మొన్న మదనపల్లె టమోటా మార్కెట్టు ముందర టీ తాగుతుండగా పిడుగులా నా చెవిన పడింది. గ్లాసు చేతిలోంచి జారి ముక్కలైందని రాయబోయాను. జారలేదు. టీ మొత్తం తాగాను.

ఆమె వరసకు నాకు అక్క. ఎండుగడ్డి గుణదోషాలను కేవల దృష్టిమాత్రంతో నిర్ణయించడంలో కుప్పం దాకా పాడి రైతులకు ఆమె మాటే ప్రమాణం. ఆ విద్యకు ఆదిగురువును నేనేనని చాలా చోట్ల చెప్పుకున్నాను. అబద్ధం. గడ్డి అమ్ముకుని బతికే నాకు గడ్డిని చూడడం నేర్పింది ఆమే.

పరుగెత్తే బస్సులోంచి కొండవాలున ఉన్న గడ్డివామిని చూసి తీర్పు చెప్పిందని నేను ప్రచారం చేసిన మహిమనూ సవరించుకోవాలి. బస్సు ఆగి ఉండింది. ఆమె దిగి, వామి చుట్టూ తిరిగి, నడిమిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి గుప్పెడు లాగి వెలుతురుకు పట్టింది. పచ్చదనం నిలిచిందా, ఆకు పుల్లను అంటిపెట్టుకుని ఉందా, కంకి గింజ రాల్చిందా అని చూసింది.

"గింజ రాల్చినాక కోస్తే అది మేసే కసువు గాదప్పా, పొరక పుల్లలు. ఆవు యాల తింటాది?" అనేది. "పైది సూపించేదానికి, లోపలిది మేసేదానికి" అని నవ్వేది. ఇతరులు లాగి ఇచ్చిన గడ్డిని చూసి ఏనాడూ మాట చెప్పలేదు, ఒక్కసారి తప్ప.

సంతాప సభలో ఒక కుప్పం రైతు లేచాడు. "మహాతల్లే గానీ, మా వామి కాడ మోసపోయినాది గదా! నా ఆవులు మూతి తిప్పుకున్యాయి" అన్నాడు. జీవితకాలపు సత్యమంతా ఒకవైపు, ఒక్క వామి ఒకవైపు! ఆ తరువాతే గదా కుప్పం వాళ్ళు ఆమెకు చూపు మందగించిందని పిలవడం మానేసింది. సభలో అందరూ తలలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి కడిగేశానని రాస్తే బాగుండు. నేనూ తలూపాను.

ఆ వామి నేను అమ్మింది. ఆలస్యంగా కోసిన ముదురు గడ్డి. చుట్టూ లేతది పేర్చాను. ఆనాడు ఆమె మోకాళ్ళ నొప్పితో వంగలేకపోయింది. "నువ్వుండక్కా, నేను లాగుతా" అన్నాను. నడిమిలోంచి లాగినట్టు నటించి, పక్కనున్న లేత గడ్డిని చేతికిచ్చాను.

"బాగుండాది, తీసుకోండప్పా" అందామె.

గొడవ లేచినప్పుడు, నేనూ ఇంకొకరి దగ్గర కొని మోసపోయానని చేతులు దులుపుకున్నాను. మనసు ఊరుకోక ఆమె ఇంటికి పోయాను, తిట్టించుకుందామని.

"లాగింది నేనేనని యాల చెప్పలేదక్కా?"

"చెయ్యి యెవురిదైతే ఏమప్పా, సూసింది నా కండ్లే గదా. కాఫీ తాగుతావా?"

ఒక్క తిట్టు తిట్టలేదు. కాఫీలో చక్కెర కూడా ఒక చెంచా ఎక్కువే వేసింది. లాగింది నేనేనన్న మాటను ఎవరికైనా చెప్పడానికి ఇన్నేళ్ళూ నాకు నోరు రాలేదు. ఇప్పుడొచ్చింది. వినాల్సిన మనిషి లేదు.

కుప్పం రైతులారా, అలాంటి దృష్టి ఈ సీమలో ఇక లేదు. ఆ కళ్ళు ఆనాడూ పొరబడలేదు. చేతికందిన గడ్డి మంచిదే, మంచిదనే చెప్పింది. అందించిన చెయ్యి ఇది. దీనితోనే ఆమెకు నమస్కరిస్తున్నాను. నాకు వేరే చెయ్యి లేదు.