నూనె తేలిన బోరు

ఈ రోజు పొద్దున నేను ఒక అబద్ధం చెప్పాను. నలభై మంది రైతులు కూర్చున్న హాల్లో, మైకు చేత పట్టుకుని, మూడే మూడు మాటల్లో చెప్పాను. పడమటి కాన్సస్‌లో మా ఆఫీసు ఏటా పెట్టే భూగర్భజలాల మీటింగ్ అది. తెర మీద ఒక్కొక్క బోరు నీటిమట్టం గీతలు చూపిస్తున్నాను. ఒక గీత దగ్గర ముందు వరసలోని ఒకావిడ చెయ్యెత్తింది. "అది మా నాన్న బోరు. ఒక ఏడు పైకి లేచి, మరుసటి ఏడు అంత లోతుకు ఎందుకు పడిపోయింది? ఒక్క వేసవిలో మా నాన్న అన్ని నీళ్లు తోడేశాడా?" అని అడిగింది. వెనక ఎవరో చిన్నగా నవ్వారు. నేను గీత వంక చూసి, "లెక్కలు అలాగే చెబుతున్నాయి" అని తర్వాతి స్లైడ్‌కి వెళ్లిపోయాను. ఆవిడ చెయ్యి దించి, ఒళ్లోని కాగితాలు సర్దుకుంది.

ఆవిడ నాన్నను పెద్దాయన అంటాను. పద్నాలుగేళ్ల కిందట ఈ ఉద్యోగంలో చేరినప్పుడు, పొలంలోకి రానిచ్చిన మొదటి రైతు ఆయన. నన్ను ప్రొఫెసర్ అని పిలిచేవాడు. నేను ప్రొఫెసర్‌ని కానని మూడుసార్లు చెప్పి చూశాను. "అయితే టేపు పట్టుకుని తిరిగే మనిషిని ఏమనాలి, దర్జీ అనమంటావా?" అన్నాడు. ప్రొఫెసర్‌గానే ఉండిపోయాను. వంచిన రెండు ఇనప తీగలు పట్టుకుని నడిచి ఆ బోరు స్థలం ఎంచుకున్నానని చెప్పుకునేవాడు. మా అనంతపురం వైపు మేనమామ ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకుని పొలమంతా తిరిగేవాడని చెబితే, "ఎన్ని బోర్లలో నీళ్లు పడ్డాయి?" అని చాలా శ్రద్ధగా అడిగాడు. ఏడింటిలో రెండు అన్నాను. "నా తీగలే నయం. మీ మామను ఒకసారి ఇటు రమ్మను, నేర్పిస్తా" అన్నాడు. చదువుకున్నవాణ్ణి కనక నవ్వాను. ఆ తీగలకన్నా ఎక్కువ చెరుపు నా టేపు చేస్తుందని అప్పటికి నాకు తెలియదు.

మా పని జనవరిలో. పంటలు లేక, బోర్లన్నీ ఆగి నెలలు గడిచి, నీరు నిలకడగా ఉండే కాలం. ఉక్కు టేపు చివరి అడుగులకు వడ్రంగులు వాడే నీలం సుద్ద పూసి, పంపు పక్కనున్న సన్నటి కన్నంలోంచి దింపుతాం. పైకి లాగితే సుద్ద ఎక్కడి వరకు తడిసిందో కనిపిస్తుంది. తీసివేత చేస్తే మట్టం వస్తుంది. రెండుసార్లు కొలవాలి, రెండూ కలవాలి. ఇందులో ఒక్క మోసం ఉంది. ఈ లోతు పంపుల కడ్డీకి పైనుంచి చుక్క చుక్కగా నూనె పడుతూ ఉంటుంది. ఎక్కువైన నూనె బోరులోకి దిగి నీటి మీద తేలుతుంది. అప్పుడు టేపు తాకేది నూనెను. నీళ్లు ఉన్నదానికన్నా పైన ఉన్నట్టు కనిపిస్తాయి. అందుకని నీళ్లు తగిలితేనే రంగు మారే ఒక పేస్టు ఇస్తారు. నూనె ఉంటే రిమార్కుల గడిలో ఆ ఒక్క మాటా రాయాలి. కొత్తగా చేరినవాళ్లకు ఈ పాఠం చెప్పేది నేనే.

పదకొండేళ్ల కిందటి జనవరి. మా పెళ్లయిన కొత్త. నా భార్యకు ఇక్కడ పనిచేసే వీసా లేదు. నాలుగు గోడల మధ్య కూర్చోలేక నాతో ట్రక్కులో వచ్చి నోట్‌బుక్ రాసిపెట్టేది. ఆ రోజు పెద్దాయన బోరే ఆఖరిది. గాలి చెవులు కోస్తోంది. అక్కణ్ణుంచి దాదాపు నాలుగు గంటలు డ్రైవ్ చేసి విచిటా వెళ్లాలి. స్నేహితుల ఇంట్లో బిర్యానీ, పేకాట. నా మనసు అప్పటికే అక్కడికి వెళ్లిపోయి పేకముక్కలు కలుపుతోంది.

"ఏమండీ, టేపుకి నూనె వాసన కొడతా ఉంది" అంది నా భార్య.

"బోరు టేపుకి నూనె వాసన రాక మల్లెపూల వాసన వస్తుందా?"

"ఎగతాళి ఎందుకు? నూనె ఉంటే రాయాలని మీరే కదా చెప్పింది. ఆ పేస్టేదో పూసి చూడండి."

పేస్టు సీటు కింద ఉంది. తీయాలంటే గ్లవ్స్ విప్పాలి, మళ్లీ టేపు దింపాలి. "రెండుసార్లూ ఒకటే వచ్చింది. ఆ గడి ఖాళీగా వదిలెయ్" అన్నాను.

"మీ ఇష్టం. సార్ మీరు, నేను గుమాస్తాని" అని నోట్‌బుక్ మూసేసింది.

ఏటా దిగే మట్టం ఆ ఏడు రెండడుగులు పైకి వచ్చింది. అప్పుడైనా నాకు అనుమానం రావాలి. రాలేదని అనలేను, తోసేశాను. పెద్దాయన వంటింట్లో కూతురితో కూర్చుని ఉన్నాడు. బల్ల మీద ఒక ఒప్పందం కాగితం ఉంది. చుట్టుపక్కల ఆరుగురు రైతులు నీళ్లు తగ్గించి తోడుదామని, సగం పొలాన్ని వానకు పండే జొన్నకు వదిలేద్దామని కూతురు ఊరంతా తిరిగి రాయించిన కాగితం అది. తండ్రి సంతకం ఒక్కటే మిగిలింది. జనవరి కొలత చూసి పెడతానన్నాడట. నేను అంకె చెప్పగానే లేచి నిలబడ్డాడు. "రెండడుగులు పైకా? ప్రొఫెసర్, మళ్లీ చెప్పు!" మళ్లీ చెప్పాను. "చూశావా, నీళ్లు తిరిగి వస్తున్నాయి" అని కూతురు వైపు తిరిగాడు. ఆ అమ్మాయి నన్ను అడిగింది, "మీకు నమ్మకమేనా?" నేను ట్రక్కు తాళాలు చేతిలో ఆడిస్తూ, "రెండుసార్లు కొలిచాం" అన్నాను.

ఆయన సంతకం పెట్టలేదు. ఆయన పెట్టలేదని మిగతావాళ్లూ వెనక్కి తగ్గారు. కూతురు ఆ కోతల తర్వాత తండ్రితో గట్టిగా పోట్లాడి టౌన్‌కు వెళ్లిపోయింది.

మరుసటి జనవరిలో ఒక్కణ్ణే వెళ్లాను. ఈసారి పేస్టు పూశాను. నీటి మీద నేననుకున్నదానికన్నా ఎన్నో రెట్లు మందంగా నూనె తేలుతోంది. అసలు మట్టం ఎక్కడో కింద ఉంది. కిందటేడు కూడా అక్కడెక్కడో ఉండి ఉంటుంది. ఆ పంపు దగ్గర చాలాసేపు కూర్చున్నాను. తర్వాత ఆ ఏటి గడిలో నూనె అని రాశాను. పాత ఏటి గడిని ముట్టుకోలేదు. పెద్దాయనకు అంకె చెప్పాను. "ఒక్క ఏడాదిలోనా? ఎలా?" అన్నాడు. అప్పుడు చెప్పి ఉంటే సరిపోయేది. "కరువు కదా. మీరూ బాగానే తోడారు" అన్నాను. ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, "అయితే నేనే తాగేశాను" అన్నాడు.

మూడో వేసవిలో, మొక్కజొన్న పూతకొచ్చిన వేళ, నీళ్లందక బోరు గాలి పీల్చింది. పైరు నిలువునా ఎండింది. పొరుగువాళ్ల బోర్లు కూడా సన్నగిల్లేసరికి అందరి నీళ్లూ ముసలాయన ఒక్కడే తోడేశాడని ఊళ్లో మాట పుట్టింది. ఆయన ఎవరినీ ఎదిరించలేదు. కాఫీ కొట్లో ఆయన బల్ల దగ్గర ఎవరూ కూర్చునేవారు కాదు. నేను మాత్రం కూర్చునేవాణ్ణి. ఆయన దాన్ని నా మంచితనం అనుకునేవాడు. రెండేళ్ల కిందట పోయాడు.

పొద్దున మీటింగ్ భోజనానికి ఆగినప్పుడు నేను పళ్లెం తీసుకోకుండా కార్‌లోకి వెళ్లి నా భార్యకు ఫోన్ చేశాను. ఆ రోజు నూనె వాసన అన్నావు, గుర్తుందా అని అడిగాను.

"గుర్తు లేకేం. ఆ పెద్దాయన బోరు దగ్గర కదా. ఆయన మనకు ఇంత పెద్ద గుమ్మడికాయ కూడా ఇచ్చినాడు." "ఏమండీ... ఆయనకు చెప్పినారు కదా? మరుసటేడే చెప్పుంటారులే అనుకున్నాను నేను."

చెప్పలేదన్నాను.

"ఆయన కూతురికన్నా చెప్పండి. ముందు పోండి, అన్నం తర్వాత తిందురు" అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆ కూతురు హాలు వెనక సింకు దగ్గర గిన్నె కడుగుతోంది. నిలబడే అంతా చెప్పాను, వాసన, గ్లవ్స్, బిర్యానీతో సహా. ఆవిడ కుళాయి కట్టేసింది. "ఆయనకు తెలుసా?" అంది. తెలియదన్నాను. "ఆస్పత్రిలో కూడా అదే మాట. నేనే తాగేశానమ్మా, నువ్వు చెప్పినా వినలేదు అని. నేను కాదనలేదు. మీ లెక్క చూసి నేను కూడా నిజమే అనుకున్నాను." చేతులు చాలాసేపు తుడుచుకుంది. "నాకు చెబితే ఏం లాభం? వాళ్లకు చెప్పండి" అంది.

భోజనాలయ్యాక మళ్లీ ఆ గీతను తెర మీదికి తెచ్చాను. ఆ పైకి లేచిన చుక్క నీళ్లది కాదని, నూనెదని, అనుమానం ఉండీ రాయనిది నేనేనని, ఒక్క వేసవిలో ఆయన ఏమీ తాగెయ్యలేదని చెప్పాను. పొద్దున చెప్పింది అబద్ధమని కూడా చెప్పాను. పొద్దున నవ్విన వైపు నుంచి ఈసారి చప్పుడు రాలేదు. ముందు వరస కుర్చీలో ఆవిడ తల వంచుకుని ఉంది. సాయంత్రం ఆఫీసుకు వచ్చి, పాత ఏటి రిమార్కుల గడిలో నూనె అని రాసి, కింద నా పేరు పెట్టి, పై అధికారికి ఉత్తరం పంపాను. ఏం చేస్తారో వాళ్ల ఇష్టం.

హాల్లో ఆ నాలుగు మాటలూ చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. నేను అసలు సంగతి తెలుసుకున్నాక పెద్దాయన ఇంకా ఎనిమిదేళ్లు బతికాడు, కాఫీ కొట్లో నా ఎదురుగానే కూర్చుని.