లచ్చి రింగులో నిలబడిన రోజు

1987 వానాకాలంలో నేను బోథ్ పశువుల ఆసుపత్రిలో డాక్టరుగా ఉన్నాను. ఉద్యోగంలో చేరి రెండేళ్లు. మాది కరీంనగరే అయినా, ఆ పల్లెల్లో పశువైద్యానికి ఆడమనిషి వస్తే జనం మొదట్లో నా వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూసేవాళ్లు. ఈనలేక అవస్థ పడుతున్న రెండు మూడు బర్రెలను గట్టెక్కించాక ఆ చూపు పోయింది. నా పనంతా ఎడ్లు, బర్రెలు, మేకలతోనే. కుక్కను ఆసుపత్రికి తేవడం అక్కడ అరుదు.

అందుకే నర్సారెడ్డి పటేల్ నాలుగు నెలల కుక్కపిల్లను దుప్పట్లో చుట్టుకుని జీపు దిగిన రోజు బాగా గుర్తుంది. పత్తిచేనులో అడవిపంది దాని భుజం చీల్చింది. ఆయన కోడలు సుశీల కట్టె పట్టుకుని ఉరికి పందిని తరిమిందట. కుక్కపిల్ల పేరు లచ్చి. మహారాష్ట్రలోని కిన్వట్ వైపు చుట్టాల దగ్గరి నుంచి తెచ్చుకున్న కార్వానీ జాతి. సన్నని మూతి, పొడవాటి కాళ్లు, లోపలికి పోయిన పొట్ట. పరుగుకే పుట్టిన జాతి అది. ఇద్దరు మనుషులతో దాన్ని బల్లకు అదిమి పట్టించి, మూతికి గుడ్డ కట్టి ఎనిమిది కుట్లు వేశాను. బయట బర్రెలు వరుసలో ఉన్నాయి. ఆ తొందరలో మత్తుసూది పూర్తిగా పనిచేసే దాకా కూడా ఆగలేదు. గాయం చక్కగా మానింది. నా పని అయిపోయిందనుకున్నాను.

మరుసటి ఏడాది చలికాలంలో కరీంనగర్‌లో పశుప్రదర్శనతో పాటు కుక్కల పోటీ కూడా పెడుతున్నారని తెలిసి, నర్సారెడ్డి ఆసుపత్రికి వచ్చాడు. అప్పటికింకా రెండు నెలల టైముంది.

"డాక్టరమ్మా, మన లచ్చిని తీస్కవోదామా? కరీంనగర్ల మా బామ్మర్దికి పెద్ద జర్మన్ కుక్కున్నది. ఇంటికొచ్చినప్పుడల్లా లచ్చిని జూసి నవ్వుతడు. బొక్కలు దేలినయి, దీనికి కూడు వెడ్తలేరా అంటడు."

కాలేజీలో చదివేటప్పుడు హైదరాబాదులో రెండు మూడు కుక్కల పోటీల్లో సహాయానికి వెళ్లాను. చూసిందే తప్ప ఎన్నడూ నేర్పలేదు. ఆ మాటే చెప్పాను. అయినా ఆయన వదల్లేదు.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లి పోటీ పద్ధతి వివరించాను. తాడు కట్టిన చదరాన్ని రింగ్ అంటారు. అందులో కుక్క నాలుగు కాళ్లూ సమంగా ఆనించి, మెడ ఎత్తి కదలకుండా నిలబడాలి. దాన్ని స్టాక్ అంటారు. తర్వాత గెయిటింగ్, అంటే నడకకూ పరుగుకూ మధ్య, ఒకే తాళంలో సాగే చిన్న పరుగు. అన్నిటికంటే ముఖ్యం, జడ్జి పెదవులు ఎత్తి పళ్లు చూస్తాడు, వెన్నూ కాళ్లూ తడుముతాడు. అప్పుడు కుక్క గుర్రుమన్నా, కరవబోయినా బయటికి పంపేస్తారు.

ఇదంతా చెప్పి లచ్చి వైపు చేయి చాపాను. అది తోక కాళ్ల మధ్య పెట్టుకుని మంచం కిందికి దూరింది. అక్కడి నుంచి పళ్లు చూపించింది. నేల తడిసింది.

"కొత్తోళ్లు ఎవ్వలు చెయ్యి వెట్టినా గిట్లనే జేస్తది. మీరంటె ఇంకింత," అన్నాడు నర్సారెడ్డి.

ఆ భయం పెట్టింది నేనేనని అప్పుడు అర్థమైంది. నాకు మొహం చెల్లలేదు. ఇక పోటీ సంగతి ఎలా ఉన్నా ఆ కుక్కను బాగుచేయక తప్పదనిపించింది.

కానీ మొదటి వారమంతా తప్పే చేశాను. రోజూ సాయంత్రం వాళ్ల కళ్లంలో కాళ్లు ఒక్కొక్కటీ చేత్తో సర్దుతూ స్టాక్ నేర్పబోయాను. నేను తాకగానే అది నేలకు అతుక్కుపోయేది. ఏడో రోజు సుశీల నెమ్మదిగా అంది:

"డాక్టరమ్మా, కోపం జేస్కోకుండ్రి. మీ చెయ్యి తాకంగనే దానికి కుట్లు యాదికొస్తున్నయి. కొన్నొద్దులు అసలు ముట్టకుండ్రి. ఊకె కూసోండ్రి."

చదువుకున్నది నేను, చెప్పింది ఆమె. విన్నాను. పది రోజులు కళ్లంలో చాపేసుకుని కూర్చున్నాను. ఒళ్లో ఉడికించిన మేక కార్జం ముక్కలు. లచ్చి వైపు చూడను, పిలవను. ముక్కలు మాత్రం కొంచెం కొంచెం దగ్గరగా వేసేదాన్ని. పదకొండో రోజు నా అరచేతికి తడిముక్కు తగిలింది. చెయ్యి కదపకుండా అలాగే ఉండిపోయాను.

అక్కడి నుంచి ఒక నియమం పెట్టుకున్నాం. అరచెయ్యి చాపాలి. లచ్చి తనంతట తాను మూతి కింది గదువ తెచ్చి అందులో ఆనిస్తేనే రెండో చెయ్యి దాని మీద వెయ్యాలి. గదువ తీసేస్తే చెయ్యి ఆగిపోవాలి. మొదట మెడ, తర్వాత వెన్ను, చివరికి కుట్ల మచ్చ ఉన్న భుజం. ఆ మచ్చ మీద నా వేళ్లు పెట్టనిచ్చిన రోజు సుశీల నవ్వింది. నాకు మాత్రం కళ్లు చెమర్చాయి.

తర్వాత కొత్తవాళ్లు కావాల్సి వచ్చింది. మా కాంపౌండర్, బడిపంతులు, పోస్టుమ్యాన్, కళ్లం పక్కగా పోయే ప్రతివాళ్లనూ సుశీల ఆపేది. "జర చెయ్యి చాపి, దీని పండ్లు జూసి వోండ్రి." పోటీ దగ్గరపడే నాటికి ఆ వాడలో లచ్చి పళ్లు చూడనివాళ్లు లేరు.

గెయిటింగ్ దగ్గర ఇంకో చిక్కు. నర్సారెడ్డి తానే పట్టుకుంటానన్నాడు. ఆయన మోకాళ్లు నాలుగడుగులకే మొరాయించేవి. లచ్చి ఒకసారి ఆగేది, ఒకసారి ఎగిరి దూకేది. సన్నని నూలుతాడు సుశీల చేతికిస్తే మాత్రం నీళ్లు పారినట్టు సాగేది. అందరికీ కనిపిస్తున్న సంగతే, ఎవరూ నోరు విప్పలేదు. చివరికి నేనే అన్నాను.

"పటేలా, రింగ్‌ల సుశీలే పట్టుకోవాలె."

ఆయన ముఖం ముడుచుకున్నాడు. "అంత మందిల మా ఇంటి కోడలు ఉరుకుడా? నలుగురు ఏమంటరు?"

సుశీల తల దించుకునే, కానీ స్పష్టంగా అంది: "మామా, పంది మీదికి ఉరికింది నేనే గద. గప్పుడు ఎవ్వలేమన్నరు?"

ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు. పని చెడగొట్టానేమోనని ఆ రాత్రంతా మథనపడ్డాను. మరునాడు ఆయన ఆదిలాబాద్ బస్సు దిగి నేరుగా ఆసుపత్రికి వచ్చాడు. సంచిలోంచి తెల్ల కాన్వాసు బూట్లు తీసి, "రబ్బరు చెప్పులతోని ఉరికితె జారిపడ్తది. గీ సైజు సరిపోతదా జూడుండ్రి," అన్నాడు.

పోటీ రోజు కరీంనగర్ మైదానం జనంతో నిండిపోయింది. దువ్వి మెరిపించిన అల్సేషన్లు, డాబర్‌మన్లు, రిబ్బన్లు కట్టిన పొమేరియన్లు. వాటి మధ్య మా లచ్చి. మైకులో ఆ పేరు చదవగానే నవ్వులు. పాపిట దాకా కొంగు కప్పుకుని, చీర కింద తెల్ల బూట్లతో సుశీల రింగులోకి దిగితే ఇంకా నవ్వులు. నర్సారెడ్డి బామ్మర్ది మా పక్కనే నిలబడి, "ఏంది బావా గిది, పరువు దీస్తున్నవ్," అన్నాడు.

జడ్జి ఎత్తైన మనిషి, నెత్తిన టోపీ. చకచకా వచ్చి లచ్చి తల మీదికి పైనుంచి చెయ్యి దించబోయాడు. లచ్చి ఒళ్లు బిగుసుకుంది. చెవులు వెనక్కి పోయాయి. రెండు నెలల పని ఒక్క క్షణంలో పోతుందనుకున్నాను.

"సార్," అంది సుశీల. జడ్జితో మాట్లాడకూడదని నేనే చెప్పి ఉన్నాను. "జర అరచెయ్యి చాపుండ్రి సార్. అదే ఇస్తది."

ఆయన ఆమె వైపు ఒకసారి చూసి చెయ్యి చాపాడు. లచ్చి ఆ చేతిని వాసన చూసి, మెల్లగా గదువ అందులో పెట్టింది. ఆయన పెదవులు ఎత్తి పళ్లు చూశాడు, వెన్ను తడిమాడు, మచ్చ మీద వేలు ఆనించాడు. అది నిలబడ్డ చోటి నుంచి కదల్లేదు. స్టాక్ చేసినట్టు కూడా లేదు, తన ఇంటి ముందు నిలబడినట్టే ఉంది.

తర్వాత పరుగు. సుశీల కొంగు బిగించి నడుముకు దోపుకుంది. రెండో అడుగులోనే ఇద్దరి తాళం కలిసింది. పొడవాటి కాళ్లు నేలను తాకీ తాకనట్టు సాగుతుంటే నవ్వులు ఎక్కడికి పోయాయో తెలియదు. జడ్జి "ఇంకొకసారి" అన్నాడు. తప్పేదో కనిపెట్టాడని భయపడ్డాను. తర్వాత ఆయనే అన్నాడు, మళ్లీ చూడాలనిపించి తిప్పించానని.

నాటుజాతుల్లో మొదటి స్థానం లచ్చిదే. చివరన అన్ని జాతుల విజేతలనూ వరుసలో నిలబెట్టి, జడ్జి రెండుసార్లు అటూ ఇటూ నడిచి లచ్చి ముందు ఆగాడు. ఆ రోజు ప్రదర్శనకంతటికీ ఉత్తమ కుక్క! మైదానం హోరెత్తిపోయింది. నేను అధికారినన్న సంగతి మరిచి తాడు దూకి లోపలికి పరుగెత్తాను.

నిర్వాహకులు కప్పు నర్సారెడ్డికి ఇవ్వబోయారు. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నాకెందుకయ్యా? ఉరికింది మా కోడలు. ఆమెకియ్యుండ్రి." బామ్మర్ది దగ్గరికి వచ్చి, "బావా, దీనికి పిల్లలైతె నాకొకటి ఉంచు," అన్నాడు. నర్సారెడ్డి తీరిగ్గా జవాబిచ్చాడు: "సుశీలనడుగు. ఆమె ఇస్తనంటె తీస్కవో."

ఆ తర్వాత చాలా ఊళ్లు తిరిగాను, ఎన్నో జంతువులకు వైద్యం చేశాను. జంతువును ఎలా పట్టుకోవాలో మాకు కాలేజీలో నేర్పారు, పుస్తకాల్లో బొమ్మలు కూడా ఉండేవి. దాన్ని అడిగి ముట్టుకోవచ్చని మాత్రం కళ్లంలోనే తెలిసింది. ప్రాణం మీదికి వచ్చిన కేసైతే వేరు, అప్పుడు అదిమి పట్టక తప్పదు. మిగతా ఏ కేసుకైనా సూది తీసే ముందు ఐదు నిమిషాలు ఊరికే దాని పక్కన కూర్చోవడం నాకు అలవాటైంది. బయట వరుసలో ఉన్నవాళ్లు విసుక్కునేవాళ్లు. విసుక్కోనిచ్చాను.