రెండు పసుపు పోగులు

ట్రంకుపెట్టె మూత ఎత్తగానే మొదట వచ్చేది నాఫ్తలీన్ గోలీల వాసన, దాని వెనక పాత గంజి వాసన, ఆ వెనక, నా ముక్కుకు తప్ప ఇంకెవరికీ తెలియని చాయ్ మరక వాసన. పోయిన వారం ఆ పెట్టె తెరవాల్సి వచ్చింది. సూరత్‌లోని డిండోలి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు: ఎప్పుడో మూతబడిన మా సంఘం గ్రంథాలయాన్ని మళ్ళీ తెరుస్తున్నారట, ప్రారంభానికి మహిళా చరిత్ర ఉత్సవం పెట్టారట, ప్రదర్శనలో ఉంచడానికి మా బాపమ్మ చీర కావాలట. ఆ 'మళ్ళీ' అన్న మాట వినగానే నాకు నవ్వొచ్చింది. అదేం మంచి నవ్వు కాదు.

బాపమ్మ అంటే మా బాపు తల్లి, లచ్చవ్వ. సిరిసిల్ల పక్క ఊళ్ళో మగ్గాలు మూలపడ్డాక మా బాపు సూరత్ వచ్చి పవర్‌లూమ్ కార్ఖానాలో చేరాడు, తాత పోయాక బాపమ్మా మా దగ్గరికే వచ్చేసింది. తొంభైల్లో మా సందు ఎట్లా ఉండేదంటే, పొద్దున లేచింది మొదలు రెండు పక్కలా సాంచాల, అంటే పవర్‌లూమ్ మగ్గాల, టకటక, ఆ టకటక మీదుగా వినబడాలని అందరివీ అరుపులే తప్ప మాటలు కావు, గాలిలో తేలే దూది నలుసులు తలంతా అంటుకుని చిన్నపిల్లలకు కూడా తెల్లజుట్టు, మూలన శనగపిండి ఖమణ్ అమ్మే బండివాడు వేసే ఆవాల పోపు, ఆ పోపు వాసనను తోసుకుంటూ మా ఇంట్లో గిన్నెకు అద్ది కాల్చే సర్వపిండి నువ్వుల కమ్మదనం, విరిగిన బాబిన్‌లు ఏరుకొచ్చి మేము ఆడే ఆటలు, బతుకమ్మ వస్తే తంగేడు దొరక్క బంతిపూలతోనే సరిపెట్టుకుని అయినా గొంతులు పగిలేలా పాడే ఆడవాళ్ళు. బాపమ్మకు ఒక అలవాటు ఉండేది. ఇంటికి ఎవరొచ్చినా ముందు వాళ్ళ కొంగు అంచు బొటనవేలుకూ చూపుడువేలుకూ మధ్య పట్టి నలిపి, "మిషిన్ బట్ట" అని వదిలేసేది. ఆ మాట తిట్టుకన్నా ఘోరంగా ఉండేది.

ఇక మా సంఘం గ్రంథాలయం. పేరు గొప్ప, ఊరు దిబ్బ. నూలు దుకాణం పైన ఒకే గది, ఎప్పుడూ తాళం వేసి ఉండే ఒక బీరువా, రెండు రోజులు ఆలస్యంగా రైలులో వచ్చే తెలుగు పేపరు, ఆ పేపరు పరుచుకుని మొగవాళ్ళు ఆడే పేకాట. ఆడవాళ్ళకు మెట్ల దాకానే ప్రవేశం. దాన్ని నడిపే సంఘం కార్యదర్శిని, గుజరాతీ పద్ధతిలో, అందరూ 'మంత్రి' అనేవాళ్ళు. రాష్ట్రానికి కాదు, ఆ బీరువాకు మంత్రి. తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు. పుస్తకం అడిగితే, "చింపుతరు" అని అదోలా చూసేవాడు. ఆ పుస్తకాలను చెదలు మాత్రం చాలా శ్రద్ధగా చదివాయి.

ఒక ఏడాది ఆయన్ని గ్రంథాలయాల శిక్షణకని మూడు రోజులు ఎక్కడికో పంపారు. పోయేటప్పుడు మామూలు మనిషి, వచ్చేటప్పుడు ఛాతీ మీద ప్లాస్టిక్ బ్యాడ్జీ. దాన్ని కార్ఖానాకూ పెట్టుకున్నాడు, పెళ్ళికీ పెట్టుకున్నాడు, ఒక చావుకు కూడా పెట్టుకొచ్చాడు. నోరు తెరిస్తే 'సమాజ భాగస్వామ్యం', 'ప్రాంతీయ వారసత్వం' అని కొత్త మాటలు. ఆ మాటలన్నీ ఎక్కడో ఒకచోట ఖర్చు పెట్టాలి కదా, మార్చి నెలలో తెలంగాణ మహిళల చరిత్ర మీద ప్రదర్శన పెడతానన్నాడు. మహిళలు గడప దాటని గదిలో మహిళల చరిత్ర! పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

ప్రదర్శనకు పాత వస్తువులు కావాలని ఇల్లిల్లూ తిరుగుతూ మా ఇంటికొచ్చాడు. బాపమ్మ దగ్గర ఒక చీర ఉండేది, ముదురు నేరేడు రంగుది, చెయ్యి పెడితే వేళ్ళ మీద నీళ్ళలా జారేది. అది తాత నేసిందని ఊరంతా అనుకునేది. నేసింది బాపమ్మ. మా ఊళ్ళో ఆడవాళ్ళు నూలు చుట్టొచ్చు, గంజి పెట్టొచ్చు, తెగిన పోగులు అతకొచ్చు, కానీ మగ్గం గుంటలో కాలు పెట్టకూడదు. పెడితే మగ్గానికి అరిష్టమట. తాత ఊపిరితిత్తులు పాడై మంచం పట్టినప్పుడు, పట్టపగలు తలుపులు బిగించుకుని రెండేళ్ళపాటు ఆ గుంటలో కూర్చున్నది బాపమ్మే. నేసిన బట్టలు కొనే చేనేత సొసైటీలో ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి నేతగాళ్ళు కొసన తమ గుర్తుగా రంగు పోగు వేసేవాళ్ళు. తాతది ఒక ఎర్ర పోగు. బాపమ్మ నేసిన వాటికి ఆ ఎర్ర పోగు పక్కనే రెండు పసుపు పోగులు ఉండేవి. ఇదంతా ఆమె నాకు సర్వపిండి తినిపిస్తూ చెప్పేది.

"నా పేరు రాస్తెనే ఇస్త," అంది మంత్రితో. "లచ్చవ్వ నేసింది అని రాయాలె."

"రాస్తం అవ్వా, మంచిగ రాస్తం. నీ మనుమరాలి దస్తూరి ముద్దుగుంటది, ఆమెతోనే రాపిస్త."

అప్పుడు నాకు పదకొండేళ్ళు. తెలుగు మీడియం బడిలో నా అక్షరాలకు పేరుంది. చదువు రాని బాపమ్మకు ఊరి నుంచి వచ్చే ఉత్తరాలు చదివిపెట్టేది కూడా నేనే. ఆ సాయంత్రం మంత్రి నాకో చిట్టా ఇచ్చి అట్టముక్కల మీద రాయమన్నాడు. మా చీర దగ్గర ఇలా ఉంది: 'నేసినవారు: కీ.శే. రాజయ్య. సహకారం: వారి ధర్మపత్ని.' బాపమ్మ పేరు రాయమంది కదా అని గొణిగాను.

"అరే, అట్ల రాస్తే మన మొగోళ్ళ ఇజ్జత్ ఏమైతది? మీ తాత పేరంటే ఆమె పేరే గద. రాయి, రాయి," అంటూ జేబులోంచి నాలుగు రంగుల పెన్ను తీసి నా చేతిలో పెట్టాడు. "ఉంచుకో, నీకే."

నొక్కితే ఎరుపు, ఇంకోటి నొక్కితే ఆకుపచ్చ. బడిలో ఎవరి దగ్గరా లేదు. నేను రాశాను. తాత పేరును ఎర్ర రంగులో, చుట్టూ పచ్చ గీతతో, చాలా అందంగా రాశాను.

ఇంటికి రాగానే బాపమ్మ అడిగింది. "ఏం రాసినవ్ బిడ్డా?"

"నీ పేరే, బాపమ్మా."

మర్నాడు పొద్దున ఆమె సందులోని నలుగురు ఆడవాళ్ళను వెంటేసుకుని ఆ మెట్లెక్కింది. ప్రదర్శన పుణ్యమా అని ఆ ఒక్కరోజు ఆడవాళ్ళకు గడప దాటే భాగ్యం దొరికింది. చీరకు పిన్నుతో గుచ్చిన చీటీని వేలితో తడిమి, "గిదే నా పేరు" అని చూపించింది. వచ్చిన వాళ్ళలో పెద్దవాళ్ళకు చదువు రాదు, చిన్నవాళ్ళకు గుజరాతీ తప్ప తెలుగు రాదు. అందరూ ఆ ఎర్ర అక్షరాలను మెచ్చుకున్నారు. నేను కిటికీ దగ్గర నిలబడి పెన్ను నొక్కుతూనే ఉన్నాను.

సభ మొదలైంది. వేదిక మీద అయిదుగురు, అయిదుగురూ మీసాలవాళ్ళే. ముఖ్య అతిథి, కింది నూలు దుకాణం సేఠ్, తల్లే మొదటి గురువని అరగంట చెప్పాడు. తర్వాత మంత్రి మైకు పట్టుకుని ఒక్కో చీటీ చదువుతూ మా చీర దగ్గరికొచ్చి, "నేసినవారు కీర్తిశేషులు రాజయ్య గారు" అన్నాడు.

బాపమ్మ ముందు నా వైపు చూసింది. కోపంగా కాదు; సరిగా వినబడలేదేమో, నేను చెబుతానేమో అన్నట్టు చూసింది. నేను తల దించుకున్నాను. అప్పుడామె లేచి చీర దగ్గరికి వెళ్ళి, కొస తిప్పి పట్టుకుని, ముందు వరసలో కూర్చున్న నర్సయ్యను పిలిచింది. ఊళ్ళో ఉన్నప్పుడు సొసైటీలో బట్టలు సరిచూసి తీసుకున్నది ఆయనే.

"ఎర్ర పోగు రాజయ్యది. పక్కన గీ రెండు పసుపు పోగులు ఎవలియి నర్సయ్యా? ఇసొంటి చీరలు నీ చేతులకెళ్ళి ఎన్ని పోయినయ్? చెప్పు."

నర్సయ్య తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "యాదికి లేదు లచ్చవ్వా."

థూ! వాడి ముసలితనానికి అప్పుడూ గౌరవం ఇవ్వలేదు, ఇప్పుడూ ఇవ్వను. అంతలో మంత్రి మైకులోనే అన్నాడు, "అవ్వా, జర కూసో. ఆడోళ్ళ గురించే మాట్లాడుతున్నం గద, మధ్యల మాట్లాడకు." సభ చప్పట్లు కొట్టింది. దేనికి కొట్టారో కొట్టినవాళ్ళకే తెలియదు.

చీర తిరిగి ఇమ్మంటే అది గ్రంథాలయం రికార్డులో చేరిందన్నాడు. నెల తర్వాత, ఎండలు ముదిరి సందులో మురుగు నీళ్ళు కూడా ఎండిపోయిన రోజుల్లో, అక్కడే ఇంకేదో సన్మానం జరిగింది. గుమ్మంలోంచి చూస్తే, మా నేరేడు రంగు చీర వేదిక మీది బల్లకు గుడ్డ అయింది, దాని మీద చాయ్ గ్లాసులు. బాపమ్మ ఎవరినీ అడగకుండా లోపలికి నడిచింది. ఒక్కో గ్లాసూ తీసి, ఒలకకుండా, మంత్రి కాళ్ళ ముందు నేల మీద పెట్టింది. చీర లాగి మడత పెట్టుకుని మెట్లు దిగి వచ్చేసింది. చీటీ ఇంకా పిన్నుకే వేలాడుతోంది.

ఇప్పుడు ఆ సందులో టకటక లేదు, సాంచాలు అమ్మేసి గాలితో నడిచే కొత్త మిషన్లు తెచ్చారట. మంత్రి లేడు, బీరువా లేదు, కొంగు నలిపి బట్ట గుణం చెప్పే వేళ్ళు లేవు. ఫోన్ చేసినాయన మాత్రం, "చీటీ కూడా మీరే రాయండి మేడమ్, మీ దస్తూరి బాగుంటదట" అన్నాడు. చీర ఇవ్వనని పెట్టేశాను. పిన్ను తుప్పు పట్టింది, పచ్చ గీత వెలిసిపోయింది, ఎర్ర అక్షరాలు మాత్రం శుభ్రంగా చదవొస్తున్నాయి. మంత్రినీ నర్సయ్యనూ ఇన్నేళ్ళుగా తిట్టుకుంటున్నాను గానీ, అది వాళ్ళ దస్తూరి కాదు.

బాపమ్మ నన్ను ఒక్కమాట అనలేదు. సర్వపిండి చేస్తే మొదటి ముక్క నాకే పెట్టేది. కానీ ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్ళూ, ఊరి నుంచి ఉత్తరం వస్తే, అది పోస్టుమాన్ నా చేతికే ఇచ్చినా సరే, నా దగ్గర తీసుకుని, చెప్పులు వేసుకుని, రెండు సందులు దాటి కిరాణా కొట్టు సాంబయ్య దగ్గరికి వెళ్ళి చదివించుకుని వచ్చేది.